కుడివైపు నాబ్

జూన్ 3

ఈ ఉదయం కెప్టెన్ కబాహుగ్ తన హెడ్‌సెట్‌ను సీటు మీద పెట్టి కాఫీకి వెళ్లినప్పుడు దాన్ని దగ్గరగా చూశాను. రెండు చెవులకీ వాల్యూమ్ తిప్పుకోవడానికి రెండు నాబ్‌లు. ఎడమవైపు నాబ్ మీద గీతలు కొత్తవాటిలా ఉన్నాయి. కుడివైపు దాని మీద గీతలే లేవు. ఏటి గులకరాయిలా నున్నగా అరిగిపోయింది. కుడిచేతివాటం మనిషి కదా, అందుకే కాబోలు.

వాన. మా మక్తాన్ విమానాశ్రయం నుంచి మూడు దీవులు, మళ్లీ మక్తాన్. మూడో ల్యాండింగ్ నాకిచ్చారు. చక్రాలు నేలకు తగిలినట్టే తెలియలేదన్నారు. ఆ తర్వాత మామూలు మాట.

"ఇందాయ్, నీ గొంతులో పిల్లికూన నిద్రపోతోందా ఏంటి? కాస్త లేపు దాన్ని."

ఈ వారంలో ఇది నాలుగోసారి. ఆ మాట కోపంగా అనరు. మిగతా కో-పైలట్లందరినీ ఇంటిపేరు పెట్టి పిలుస్తారు. ఇందాయ్ అని నన్నొక్కదాన్నే, ఇంట్లో ఆడపిల్లను పిలిచినట్టు.

తప్పు నాదే. కాన్వెంట్‌లో పదకొండేళ్లు మెల్లగా మాట్లాడడమే నేర్పారు. ప్రార్థనలో గొంతు కాస్త పెరిగితే సిస్టర్ ఇమ్మాకులాటా వెనక నుంచి వచ్చి, "దేవుడికి చెవుడు లేదు, ఎలోయిసా" అనేవారు. ఇప్పుడు రెండు ప్రొపెల్లర్ల మధ్య కూర్చుని ఆ గొంతుతోనే చెక్‌లిస్ట్ చదువుతున్నాను. దానికి తోడు కంపెనీ హెడ్‌సెట్. అందరూ పెట్టుకునేది. ఎవరో తలకు రాసుకున్న నూనె వాసన నా జుట్టుకు పట్టుకుంటుంది. మైకు మీది స్పాంజి సగం ఊడిపోయింది.

సొంతంగా ఒకటి కొనుక్కోవాలి. మంచి మైకు ఉన్నది. ఆయనకు నా మాట వినపడేది.

జూన్ 5

సెలవు. మందావేలో మిసెస్ ఊయ్ కొట్టుకు వెళ్లాను. కింద బేకరీ, పైన పైలట్లకు కావలసినవన్నీ. మెట్లు ఎక్కుతుంటే రొట్టెల వాసన, పైకి వెళ్లాక కొత్త తోలు వాసన.

బల్ల మీద మూడు పెట్టింది.

నల్లది పాత పద్ధతిది. చెవుల చుట్టూ దిండ్లు బిగించి రొదను బయటే ఆపుతుంది. పట్టకారులా నొక్కుతుంది. పది నిమిషాలకే కణతలు లాగాయి.

రెండోది బూడిద రంగుది. బ్యాటరీతో పనిచేస్తుంది, రొదను మింగే రకం.

మూడోది చిన్నది, తేలిక. చెవి మీద ఆకులా ఆనుతుంది. నాకు చూడగానే నచ్చింది. మిసెస్ ఊయ్ నా చేతిలోంచి లాక్కుంది.

"ఇది జెట్‌లు నడిపే పిల్లలకి. వాళ్ల కాక్‌పిట్ లైబ్రరీలా ఉంటుంది. నీది పిండిమర. దీంతో తలకి హాయి, చెవికి చేటు. వద్దు."

తర్వాత గోడ పక్కన బీరువాంత స్పీకర్ ఆన్ చేసింది. మా విమానం రొదే. ఎవరో కాక్‌పిట్‌లో కూర్చుని రికార్డు చేసి ఇచ్చారట. అద్దాల బీరువాలన్నీ గలగలలాడాయి. కింద బేకరీవాళ్లు చీపురు కర్రతో పైకప్పును పొడిచారు. మిసెస్ ఊయ్ మడమతో నేలను తిరిగి పొడిచింది.

బూడిద రంగుది పెట్టుకుని మీట నొక్కాను. ఎవరో తలుపు మూసినట్టు రొద వెనక్కి పోయింది. నా ఊపిరి నాకు వినిపించింది. భయం వేసింది. తియ్యబుద్ధి కాలేదు.

రెండు వారాలు వాడి చూసి చెప్పమంది. పైలట్లందరికీ అలాగే ఇస్తుందట, లైసెన్సు నకలు తీసుకుని. ఆలోచించుకుని వస్తానన్నాను. ముందు కెప్టెన్‌ని అడగాలి.

జూన్ 6

అడిగాను. కాక్‌పిట్‌లో కాదు, టెర్మినల్ మెట్ల కింద, వాన తగ్గే దాకా నిలబడ్డప్పుడు.

"రొదను మింగేదా? అది పైలట్‌ని కూడా మింగేస్తుంది. ఇంజిన్ ఏదైనా ముందు చెవికి చెబుతుంది ఇందాయ్, ఆ తర్వాతే మీటర్లకి. నలభై ఒక్క ఏళ్లు నాకు చెప్పింది. ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు."

"మరి నా గొంతు?"

"ఆ?"

"నా గొంతు, కెప్టెన్."

"గొంతు పొట్టలోంచి రావాలి. రేపు పొద్దున రెండు ముద్దలు ఎక్కువ తిను."

నవంబర్ పద్నాలుగున ఆయనకు అరవై అయిదు నిండుతాయి. అక్కడితో ఆఖరు, చట్టం అంతే. ఆ రోజు దిగి వస్తుంటే రెండు ఫైరింజన్లు అటొకటి ఇటొకటి నిలబడి విమానం మీదుగా నీళ్ల తోరణం కడతాయి. మనవరాలు సంపగీతా మల్లెల దండ పట్టుకుని నేల మీద ఎదురుచూస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ మీద గళ్లు గీసి రోజుకొకటి కొట్టేస్తున్నారట. ఆ పిల్ల అప్పుడప్పుడు రెండు గళ్లు కొట్టేస్తుందట. "తాతని తొందరగా ఇంటికి రప్పించాలని దాని ఎత్తు" అని నవ్వారు.

ఆ ఆఖరి రోజు కుడి సీట్లో నేనే ఉండాలని మనసులో ఉంది. అడగలేదు.

జూన్ 8

బూడిద రంగుది తెచ్చుకున్నాను. వాడి చూడడానికే.

జూన్ 10

ఈ రోజు మక్తాన్ టవర్‌లోని ఆవిడ, "ఎవరమ్మా మైకులో? కొత్తగా చేరావా?" అంది. పద్నాలుగు నెలలుగా రోజూ ఆవిడతో మాట్లాడుతున్నాను.

నిన్నా మొన్నా వేరే కెప్టెన్లతో వెళ్లాను. ఇద్దరూ ఒక్కసారి కూడా మళ్లీ చెప్పమనలేదు. మంచి మైకు. రొద లేదు కాబట్టి నా గొంతు నాకే స్పష్టంగా వినపడుతోంది, వినపడుతోంది కాబట్టి గొంతు నిలబడుతోంది. ఇన్నాళ్లూ చీకట్లో రాసినట్టు మాట్లాడానేమో.

ఈ రోజు కెప్టెన్ కబాహుగ్‌తో. ఆరుసార్లు "ఆ?" అన్నారు.

మైకు పెదవికి రెండు వేళ్ల దూరంలో పెట్టాను. ఒక వేలు దూరానికి జరపాలి.

జూన్ 11

ఒక వేలు దూరం. అయిదుసార్లు.

జూన్ 12

మా దేశపు స్వాతంత్ర్య దినం. టెర్మినల్ నిండా చిన్న జెండాలు.

కాక్‌పిట్‌లో వెనక ఉన్న అదనపు సీట్లో జెల్‌మార్ ఎక్కాడు. నాతో పాటే చేరిన కో-పైలట్, తన డ్యూటీ ఉన్న ఊరికి వెళుతున్నాడు. దారి పొడవునా నా చేతినే చూశాడు. దిగాక పట్టుకున్నాడు.

"ఏంటి ఎలోయిసా, ఒకటో క్లాసా? చెక్‌లిస్ట్ మీద వేలు పెట్టి చదువుతున్నావ్! అయ్యాక బొమ్మలకి రంగులు కూడా వేస్తావా?"

"అలవాటు."

"చదవడమే కాదు, చదివిన ప్రతిదాన్నీ వేలెత్తి చూపిస్తున్నావ్. గేర్ అంటూ గేర్ వైపు, ఫ్లాప్స్ అంటూ ఫ్లాప్స్ వైపు. ఆయన నలభై ఏళ్లుగా నడుపుతున్నాడు తల్లీ. ఫ్లాప్స్ ఎక్కడున్నాయో ఆయనకి తెలుసు."

చెవులు వేడెక్కాయి. నిజమే, నేను ఒక్కో అంశం చదువుతాను, కెప్టెన్ దాన్ని చూసుకుని జవాబు చెబుతారు. అంతే పని. మధ్యలో నా వేలుకు పనేముంది? సిస్టర్ ఇమ్మాకులాటా నేర్పిన చదువు ఇది. "వేలు తీస్తే కళ్లు పారిపోతాయి, ఎలోయిసా." ఇరవై ఆరేళ్లు వచ్చినా నవలలు కూడా అలాగే చదువుతాను. ఎవరూ లేనప్పుడు.

జెల్‌మార్ నా వెనకే కూర్చుని ఏవో జోకులు కూడా వేశాడు. కెప్టెన్ ఒక్కదానికీ నవ్వలేదు. ఆయనకు వాడంటే ఇష్టం లేదేమో.

గొంతు వచ్చింది కదా. ఇక వేలు ఎందుకు.

జూన్ 15

రెండు రోజులుగా వేరే కెప్టెన్లతో. చేతులు ఒళ్లో పెట్టుకుని చదువుతున్నాను. పెద్దదాన్నయినట్టుంది.

జూన్ 17

రేపు ఆయనతో. నా కొత్త చదువు చూస్తారు.

జూన్ 18

ఈ రోజు రాయను.

గడ్డి కోసే బండి ఆకుపచ్చది. దాని మీద మనిషి గొడుగు వేసుకుని కూర్చున్నాడు.

జూన్ 19

రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

దక్షిణాన చిన్న దీవి. నడుపుతున్నది ఆయన, రేడియో నాది. చేతులు ఒళ్లో. ల్యాండింగ్ చెక్‌లిస్ట్ చదివాను. ఆయన జవాబులు ఆలస్యంగా వచ్చాయి. ఒకటి రానేలేదు. మళ్లీ చదివాను. అప్పుడు చెప్పారు. గాలి ఎక్కువగా ఉంది, ఆయన ధ్యాస దాని మీద ఉందనుకున్నాను.

ఆరు వందల అడుగుల ఎత్తులో టవర్ పిలిచింది. రన్‌వే మీద బండి ఉంది, దిగొద్దు, గో అరౌండ్, మళ్లీ పైకి వెళ్లండి అని. ఆ మాట ఇద్దరి హెడ్‌సెట్లలోనూ వస్తుంది. వెళుతున్నామని జవాబు చెప్పేశాను, ఆయన చేయి అప్పటికే కదులుతోందనుకుని.

కదల్లేదు.

"గో అరౌండ్, కెప్టెన్" అన్నాను. దిగుతున్నాం. మళ్లీ అన్నాను. మూడోసారి అరిచాననే అనుకుంటున్నాను. మైకు బాగుంది. గొంతు బాగుంది. ఆయన ముఖంలో ఏమీ లేదు. ప్రశాంతంగా, రోజూలాగే, రన్‌వే వైపు చూస్తున్నారు. వాన మరకల అద్దంలోంచి ఆయనకు ఆ బండి కనపడలేదు. నాకు గొడుగు కనపడింది.

అప్పుడు నా చేయి ఒళ్లోంచి లేచింది. నేను లేపలేదు. వేలు ఆయన కళ్ల ముందు నుంచి పైకి, ఆకాశం వైపు.

వేలు లేచిన క్షణమే పవర్ వచ్చింది. విమానం ముక్కు లేచింది. అంత చక్కటి గో అరౌండ్ నేను శిక్షణలో కూడా చూడలేదు. అప్పటికి నేల నాలుగు వందల అడుగుల కింద ఉంది.

రెండోసారి మామూలుగా దిగాం. ఆగాక ఆయన చాలాసేపు అద్దం తుడిచే మీట వైపు చూస్తూ కూర్చున్నారు.

"గాలి ఎక్కువగా ఉంది" అన్నారు.

"అవును, కెప్టెన్."

రిపోర్టు రాయాలి కదా. ఇద్దరం కలిసి రాశాం. రన్‌వే మీద గడ్డి కోసే బండి ఉంది. టవర్ చెప్పింది. మళ్లీ పైకి వెళ్లి, తర్వాత క్షేమంగా దిగాం. మూడు వాక్యాలు. మూడూ నిజాలే. ఇద్దరం సంతకాలు పెట్టాం.

జూన్ 20

ఆయన హెడ్‌సెట్ ఇరవై రెండేళ్లనాటిది. తీగ దగ్గర నల్ల టేపు చుట్టి ఉంది. లోపల ఏదో తెగిపోతూ అతుక్కుంటూ ఉంటుంది. అలాంటప్పుడు ఎవరికైనా వినపడదు.

బూడిద రంగుదే ఆయనకూ సరిపోతుంది. రొద పోతే మాటలు వినపడతాయి. నాకు అలాగే అయింది కదా. ఎంత, నవంబర్ దాకానే కదా.

మిసెస్ ఊయ్ దగ్గరకు తీసుకువెళతాను. ఎలా అడగాలో రాసుకున్నాను. "కెప్టెన్, నాకు హెడ్‌సెట్ ఎంచుకోవడానికి మీ సాయం కావాలి." అబద్ధం కాదు.

జూన్ 21

డ్యూటీలు వేసే గదిలో అందరికీ పెద్దక్క లాంటి మనాంగ్ లుదివినా ఎండబెట్టిన మామిడిముక్కలు తింటోంది. సంచి నా వైపు తోసింది.

"ఇరవై అయిదున మళ్లీ మీ కబాహుగ్‌తోనే వేశాను. ఏం మందు పెట్టావే ఆయనకి? ఫిబ్రవరి నుంచి నెల నెలా వచ్చి నిన్నే ఇమ్మని అడుగుతున్నాడు. పెళ్లాం పుట్టినరోజుకి కూడా సెలవడగని మనిషి."

లోపల దీపం వెలిగినట్టయింది. ఎందుకని అడిగాను. మంచి పైలట్‌నని అంటుందేమోనని. ఎక్కువ మాట్లాడనని అన్నా సరే.

"'ఆ పిల్ల వేలు పెట్టి చదువుతుంది, నాకదే బాగుంటుంది' అన్నాడు. ఈ ముసలి కెప్టెన్లకి ఒక్కొక్కడికి ఒక్కో పిచ్చి. తిను, మొత్తం తినేసెయ్. నాకు షుగరు."

తిన్నాను. రుచి తెలియలేదు.

ఫిబ్రవరి నుంచి.

జూన్ 22

ఆదివారం. చర్చిలో పూజకు వెళ్లాను. పెద్దగా పాడాను. ముందు వరసలోని ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

జూన్ 23

అన్నీ వరసగా రాస్తాను.

కెప్టెన్ గళ్ల చొక్కా వేసుకుని వచ్చారు. మెట్ల కింద రెండు రొట్టెలు కొని, ఒకటి నాకిచ్చి, ఒకటి మిసెస్ ఊయ్‌కి పట్టుకొచ్చారు. వాళ్లిద్దరికీ పాత పరిచయం.

"ఇంకా ఎగురుతున్నావా?" అందావిడ.

"నువ్వింకా అమ్ముతున్నావా?" అన్నారాయన. ఆవిడ ఆయనకు ఎడమవైపు నిలబడి ఉంది.

"ముందు కెప్టెన్ పెట్టుకుని చూస్తారు, నాకు చెబుతారు" అన్నాను. బూడిద రంగుది ఆయన తలకు నేనే సరిచేశాను. తెల్లజుట్టు ఎంత మెత్తగా ఉందో. రెండోది నేను పెట్టుకున్నాను. రెండు తీగలూ ఒకే పెట్టెకు కలిపింది. మామూలుగానే నాబ్‌లన్నీ సగానికి తిప్పింది. తర్వాత ఇద్దర్నీ వీపుకు వీపు పెట్టి నిలబెట్టింది. తన దగ్గర అదే పద్ధతట.

"మొహాలు చూసుకుంటూ మాట్లాడితే అది పెళ్లిచూపులవుతుంది. హెడ్‌సెట్ పరీక్ష కాదు" అంది. స్పీకర్ ఆన్ చేసింది. మీటలు నొక్కాం. రొద వెనక్కి పోయింది.

ల్యాండింగ్ చెక్‌లిస్ట్ మొదలుపెట్టాను. అందులో మొదటిది గేర్, అంటే చక్రాలు, తర్వాత పవర్, తర్వాత రెక్కల ఫ్లాప్స్, చివర లైట్లు. నేను మూడోదానితో మొదలుపెట్టాను. కంగారులో అలా అయిందని రాద్దామనుకున్నాను. కంగారు కాదు.

"ఫ్లాప్స్" అన్నాను.

"మూడు పచ్చ దీపాలు" అన్నారాయన. అది గేర్‌కు చెప్పే జవాబు.

"లైట్లు" అన్నాను.

"టేకాఫ్‌లో ఉంది." అది పవర్‌కు.

"గేర్."

"ముప్పై." అది ఫ్లాప్స్‌కు.

"పవర్."

"వెలుగుతున్నాయి" అన్నారు. చివరిది అయిపోయిందని తేలిగ్గా ఊపిరి వదిలారు. నా వీపుకు తెలిసింది.

నలభై ఒక్క ఏళ్లుగా అదే వరస. ఏదో గొంతు గుసగుసలా తగిలితే చాలు, తర్వాతి జవాబు దానంతట అదే వస్తుంది. నా వేలు ఆయనకు ఎక్కడున్నామో చెబుతూ ఉండేది.

మిసెస్ ఊయ్ నా ముఖం చూసింది. స్పీకర్ ఆపేసింది. కొట్టంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆయనకు ఆ తేడా తెలియలేదు.

"భలే ఉంది. చాలా ప్రశాంతంగా ఉంది. కొనుక్కో ఇందాయ్" అన్నారు, స్పీకర్ ఇంకా మోగుతోందనుకుని, గట్టిగా.

కింద బేకరీలో ఎవరో నవ్వడం వినిపించింది.

అప్పుడాయన తిరిగి మమ్మల్ని చూశారు. తర్వాత స్పీకర్ మీద ఆరిపోయిన ఎర్ర దీపాన్ని చూశారు. హెడ్‌సెట్ మెల్లగా తీసి, తీగ చుట్టి, బల్ల మీద పెట్టారు. బొటనవేలి గోటితో మైకు మీది దుమ్ము దులిపారు.

"నా పెట్టె పాడైనట్టుంది కెప్టెన్" అంది మిసెస్ ఊయ్. "రేపు బాగు చేయిస్తాను. ఇంకో రోజు చూద్దాం."

ఆవిడ అంత మెత్తగా మాట్లాడగలదని నాకు తెలియదు.

ఎదురుగా ఉన్న పూటకూళ్ల బల్ల దగ్గర కూర్చున్నాం. ఆయన కాల్చిన పంది మాంసం, ఆకు పొట్లాల్లో ఉడికించిన అన్నం తెప్పించారు. నేను ఆయనకు ఎడమవైపు కూర్చున్నాను. ఆయన నా పొట్లం కూడా కోసి ఇచ్చారు.

"ఎప్పటి నుంచి తెలుసు?" అన్నారు.

"పద్దెనిమిది నుంచి."

తిన్నారు.

"కాదు కెప్టెన్. మూడో తేదీ నుంచి. మీ కుడివైపు నాబ్ చూశాను."

"అది పోయిన సంవత్సరమే అరిగింది" అన్నారు. "మా ఆవిడ నలభై ఏళ్లు గంటలా మోగింది. ఇప్పుడు గొణుగుతావేంటే అని నేనే దాన్ని తిడుతున్నాను. పాపం, మొన్న నిజంగానే దగ్గు మందు తాగింది."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక పరిస్థితి ఇంకా కష్టమైంది.

"పోయిన జనవరిలో చెవుల పరీక్షలో గీత మీద గట్టెక్కాను. మళ్లీ పరీక్ష వచ్చే నెలాఖరున. ఆ లోపు ఏదైనా జరుగుతుందనుకున్నాను. ఏం జరుగుతుంది, చెవిలో కొత్త చెవి మొలుస్తుందా?" అన్నం పొట్లం ఆకులు ఒక్కొక్కటే విప్పి పక్కన పెడుతున్నారు. "ఆ పరీక్ష కూడా ఎలాగో దాటేస్తాను ఇందాయ్, నవంబర్ దాకా. నాలుగున్నర నెలలు. నువ్వు వేలు పెట్టు, చాలు. వేలుంటే నాకన్నీ తెలుస్తాయి. పద్దెనిమిదిన కూడా వేలు చూడగానే చేశాను కదా."

చేశారు. ఆ మాట నిజం. నీళ్ల తోరణం, సంపగీతా దండ, ఫ్రిజ్ మీద గళ్లు, అన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. అవన్నీ నా చూపుడువేలి చివర ఉన్నాయి. సరే అనడానికి నోరు తెరిచాను కూడా.

"ఇరవై అయిదున నేను ఎక్కను, కెప్టెన్" అన్నాను. "మీరూ ఎక్కకూడదు. మీరు చెప్పకపోతే నేను చెబుతాను. నాకు చెప్పాలని లేదు. మీరే చెప్పండి."

అన్ని బల్లల వాళ్లూ మా వైపు చూశారు. మాంసం కాల్చే ఆయన విసనకర్ర ఆపేశాడు. నేను అరిచానని అప్పుడు తెలిసింది.

కెప్టెన్ కబాహుగ్ విప్పిన ఆకులన్నీ ఒక దగ్గరికి చేర్చారు.

"లేచిందే పిల్లికూన" అన్నారు.

నన్ను జీప్నీ బస్సు ఎక్కించారు. తను మాత్రం ఎక్కలేదు, నడుస్తానన్నారు. వాన పడుతోంది.

జూన్ 24

ఫోన్ రాలేదు. చెయ్యలేదు.

చీఫ్ పైలట్‌కు రాయాల్సిన ఉత్తరం రాశాను. నాలుగుసార్లు. నాలుగోది సంచిలో పెట్టాను.

జూన్ 25

మామూలు కంటే గంట ముందే వెళ్లాను. డ్యూటీ గది బయట బెంచీ మీద ఆయన కూర్చుని ఉన్నారు. మొన్నటి గళ్ల చొక్కా కాదు, వేరే గళ్ల చొక్కా. యూనిఫాం లేదు. టోపీ మాత్రం ఒళ్లో ఉంది, అలవాటు కొద్దీ తెచ్చుకున్నట్టున్నారు.

"నీ ఉత్తరం నీ దగ్గరే ఉంచుకో" అన్నారు. ఉత్తరం రాశానని నేను చెప్పలేదు. "నేను చెప్పేశాను. పది నిమిషాలైంది. చీఫ్ కాఫీ తెప్పించాడు. ఆ కుర్రాడికి ఎగరడం నేర్పింది నేనే. వాడి కళ్లల్లో నీళ్లు, నాకేమో వాడు ఏమంటున్నాడో సగమే వినపడింది. తలూపుతూ కూర్చున్నాను."

ఆయన ఎడమవైపు కూర్చున్నాను.

"కోపమా కెప్టెన్?"

"నిన్న ఉంది. మా ఆవిడ దగ్గర దాన్నంతా వెళ్లగక్కాను. అంతా విని, 'ఆ పిల్లని ఆదివారం భోజనానికి పిలువు' అంది. గట్టిగానే చెప్పింది, వినపడింది."

కాసేపు అద్దాల అవతల విమానాలు చూశాం. ఒకటి ఇంజిన్ వేసుకుంది. ఆయన తల కాస్త పక్కకు వంచారు, ఎడమ చెవిని అటు తిప్పి.

"హెడ్‌సెట్ ఏది ఎంచుకున్నావ్?"

"ఇంకా ఎంచుకోలేదు. మీరు వద్దన్నారు కదా, రొదను మింగేది."

"వెర్రివాడి మాట. బూడిద రంగుదే తీసుకో. ఇంజిన్ నాకు నలభై ఒక్క ఏళ్లు చెప్పిందన్నానే, నిజమే. అంతసేపూ అది చెబుతూ ఉంటే ఇంకెవరి మాటకీ చోటు మిగల్లేదు. నీకు మిగలాలి." లేచి టోపీ పెట్టుకుని, మళ్లీ తీసేసి సంచిలో పెట్టుకున్నారు. "జెల్‌మార్‌కి కూడా కొనుక్కోమని చెప్పు. వాడు నవ్వుతాడు. నవ్వనీ. రెండోసారి కూడా చెప్పు."

మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"ఇంకోటి. వేలు మానకు."

మరో కెప్టెన్‌తో మూడు దీవులు తిరిగి వచ్చాను. గాలి లేదు.

జూన్ 29

కెప్టెన్ ఇంట్లో భోజనం. మనవరాలు టిన్‌టిన్ ఫ్రిజ్ దగ్గరకు లాక్కెళ్లి గళ్ల కాగితం చూపించింది. మిగిలిన గళ్లన్నీ ఒకేసారి కొట్టేసింది. ఎర్ర క్రేయాన్‌తో.

"నేనే గెలిచాను" అంది.

ఆయన ఎడమ చెవి వైపు వంగి మరీ ఆ మాట మళ్లీ చెప్పింది. తర్వాత కుడి చెవిలో కూడా చెప్పింది. రెండుసార్లూ ఆయన ఉలిక్కిపడినట్టు నటించారు.

జూలై 2

వినికిడి పరీక్ష ఫలితం వచ్చిందని కెప్టెన్ కబాహుగ్ ఫోన్ చేశారు. కుడిచెవి దాదాపు పూర్తిగా పోయిందట, ఎడమది సగం. వినికిడి యంత్రం ఎంచుకోవాలట, మూడు రకాలున్నాయట. "నువ్వొచ్చి చూడు ఇందాయ్, నాకు ఇలాంటివి తెలియవు" అన్నారు. శనివారం వెళతాను. మిసెస్ ఊయ్ కూడా వస్తానంది.

బూడిద రంగుది కొనేశాను. నాబ్‌లు రెండూ సగంలో. ఈ రోజు కొత్త కెప్టెన్ నా చేతి వైపు చూసి, "ఎందుకలా వేలు పెడతావ్?" అన్నారు. అలవాటన్నాను. నవ్వలేదు. మూడో ట్రిప్పుకల్లా ఆయన చూపు కూడా నా వేలి వెంటే నడిచింది.

సాయంత్రం చీఫ్ పిలిచి పద్దెనిమిదో తేదీ రిపోర్టు ముందు పెట్టారు. మా మూడు వాక్యాల కింద నాలుగోది, కెప్టెన్ కబాహుగ్ చేతిరాతలో, పెద్ద పెద్ద అక్షరాల్లో. 'నా పక్కనున్న పైలట్ మూడుసార్లు చెప్పింది, నాకు వినపడలేదు.' దాని కింద నేను కూడా మళ్లీ సంతకం పెట్టాలి. పెట్టాను.

ఆ కాగితం పైన ఒక గడి ఉంటుంది, విమానంలో ఎంతమంది అని. ఆ రోజు దాన్ని నింపింది నేనే. మేమిద్దరం కాక అరవై ఎనిమిది మంది. అందులో ఇద్దరు చంటిపిల్లలు.